మాలచ్చి మరమ్మతు

గెడ్డవలసకు మురుగునీటి శుద్ధి కేంద్రం వచ్చింది. మురుగు ఒక్కటే రాలేదు.

నిజానికి ఊరివాళ్లు అడిగింది గెడ్డ మీద వంతెన. వానాకాలం వచ్చిందంటే పిల్లలు తండ్రుల భుజాలెక్కి గెడ్డ దాటి బడికి పోవాలి. ఆ అర్జీ పట్టుకుని సర్పంచ్ దత్తి లచ్చుంనాయుడు ఎక్కని ఆఫీసు గుమ్మం లేదు. వంతెనల పద్దు ఖాళీగా ఉందట. మురుగు శుద్ధి పద్దులో మాత్రం నిధులు మూలుగుతున్నాయట, గడువులోగా వాడకపోతే వెనక్కి పోతాయట. ఇది పుచ్చుకో నాయుడూ, ఊరికి కళ వస్తుంది అన్నారు. వద్దంటే రేపు రావలసింది కూడా రాకుండా పోతుందేమోనని భయపడి నాయుడు సంతకం పెట్టేశాడు.

పెట్టాక ఇంకేముంది? ఏ పెద్ద పట్నం కోసమో గీసిన నక్షా మీద పట్నం పేరు కొట్టేసి గెడ్డవలస అని రాశారు. బాగున్న వీధులన్నీ తవ్వి గొట్టాలు పాతారు. గెడ్డ ఒడ్డున నాలుగు సిమెంటు ట్యాంకులు, చుట్టూ నీలిరంగు కమ్మీలు, మోటార్లు, ఊరి గుడి గోపురం కన్నా ఎత్తయిన బోర్డు లేచాయి. ఊరి జనాభా మొత్తం ఆ ట్యాంకుల్లో దిగి కూర్చున్నా ఇంకా చుట్టాలకి చోటు మిగులుతుంది.

చిక్కల్లా మురుగు దగ్గరే వచ్చింది. గెడ్డవలస వాళ్లు స్నానాలు చెయ్యరని కాదు, అంట్లు తోమరని కాదు. చేస్తారు, తోముతారు. స్నానాల నీళ్లు అరటి పాదులోకి పోతాయి. అంట్ల నీళ్లు చేమదుంపల మడిలోకి పోతాయి. బియ్యం కడుగు, పప్పు కడుగు, వార్చిన గంజి, కూరల తొక్కలు, మిగిలిపోయిన చారు, ఇవన్నీ కుడితి. కుడితిని నేలపాలు చేసే ఆడది ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. గేదె ఉన్నవాళ్లు తమ గోలెంలో పోసుకుంటారు. లేనివాళ్లు గేదె ఉన్న ఇంటికి బకెట్టుతో మోసుకుపోయి పోస్తారు. అలా పోసినవాళ్లకి సాయంత్రం చెంబుడు మజ్జిగ దొరుకుతుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. ఏ ప్రభుత్వమూ పెట్టలేదు గనక ఇన్నాళ్లూ సాఫీగా నడిచింది.

దిగువవీధి మొత్తానికి గోలెం ఒక్కటే ఉంది. అది బోని అచ్చియ్యమ్మది. మొగుడు పోయాడు, కూతురు అత్తారింట్లో ఉంది. ఇంట్లో మిగిలింది అచ్చియ్యమ్మా, మాలచ్చీ. మాలచ్చి అంటే గేదె. అచ్చియ్యమ్మ బతికేది దాని పాల మీద, మాట్లాడుకునేది దానితో. కిందటి ఈతలో దాని దూడ చచ్చిపోయింది. అప్పటినుంచీ అచ్చియ్యమ్మ వచ్చి మెడ నిమిరి, ఊళ్లో కబుర్లు నాలుగు చెప్పి, అప్పుడు పొదుగు కింద కూర్చుంటేనే మాలచ్చి చేపేది. ఇంకెవరు కూర్చున్నా పాలు పైకి లాక్కుని కాలు ఝాడించేది. మళ్లీ ఈ మధ్యే చూడి కట్టింది. ఈసారి దూడ బతికితే చాలునని అచ్చియ్యమ్మ పైడితల్లికి దండం పెట్టుకుంది.

కేంద్రం ప్రారంభమైంది, కొబ్బరికాయ కొట్టారు, మోటార్లు తిరిగాయి. గొట్టంలోంచి ఒక బొద్దింక బయటికి వచ్చి చుట్టూ చూసి మళ్లీ లోపలికి పోయింది. అంతకుమించి ఏమీ రాలేదు. కొన్నాళ్లు చూసి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పుండరీకాక్షరావు స్వయంగా బయలుదేరి వచ్చాడు. ఆయన వెంట జీపులో మైకు కూడా వచ్చింది.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి జనాన్ని కూర్చోబెట్టాడు. ప్రభుత్వం తన బాధ్యతగా ట్యాంకులు కట్టిందనీ, ప్రజలు తమ బాధ్యతగా మురుగు ఇవ్వడం లేదనీ, ఇది అభివృద్ధికి సహాయ నిరాకరణ తప్ప మరొకటి కాదనీ ఆయన చాలాసేపు బాధపడ్డాడు. తలకి ఇంత చొప్పున మురుగు ఉత్పత్తి కావాలని నిబంధన ఉందట. గెడ్డవలసలో తలలు ఉన్నాయి గానీ ఉత్పత్తి లేదు, కాబట్టి లోపం తలల్లోనే ఉండాలని తేల్చాడు. అప్పటికప్పుడు మురుగు చైతన్య వారోత్సవాలు ప్రకటించాడు. మన మురుగు మన గౌరవం అని గోడలనిండా రాయించారు. బడిపిల్లలు అట్టలు పట్టుకుని ఊరేగారు. ఇల్లు ఊడ్చుకోవాలనీ కాలవలు శుభ్రం చేసుకోవాలనీ నిన్నటిదాకా చెప్పిన పంతులమ్మే, వాళ్ల చేత ఆ నినాదాలు పలికించింది. పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

పోనీలే, పెద్దాయన అంత బాధపడుతున్నాడు గదా అని ఎగువవీధి వాళ్లు తలో బకెట్టు కుళాయి నీళ్లు గొట్టంలో పోశారు. అదీ తప్పే అయింది. నీళ్లు మరీ శుభ్రంగా ఉన్నాయని పరీక్షలో తేలింది. శుభ్రమైన నీటిని శుద్ధి చేస్తే యంత్రాలు పాడవుతాయని గట్టిగా మందలించి వదిలేశారు. ఇక లాభం లేదని పుండరీకాక్షరావు, అసలు ఈ ఊరి మురుగు ఎక్కడికి పోతోందో చూద్దామని ఇంటింటికీ తిరిగాడు. ఎగువవీధిలో అరటి పాదులు చూసి మొహం చిట్లించాడు. దిగువవీధిలోకి వచ్చేసరికి, ఆడవాళ్లు బకెట్లతో వరసగా ఒకే గుమ్మంలోకి పోవడం ఆయన కంటబడింది. వెనకాలే వెళ్లాడు.

అచ్చియ్యమ్మ పశువుల సాలలో గోలెం ముందు నిలబడి, ఇదేమిటని అడిగాడు.

"కుడితి బాబూ."

"ఎన్ని ఇళ్ల నీళ్లు వస్తాయి దీంట్లోకి?"

"ఈదంతా ఇక్కడే పోత్తారు. మాలచ్చి తాగుతాది."

"తాగాక?"

అచ్చియ్యమ్మకి నవ్వాగలేదు. "పాలిత్తాది బాబూ. మరేటిత్తాది?"

పుండరీకాక్షరావు నవ్వలేదు. వెంట ఉన్న కుర్ర ఇంజనీరు వైపు తిరిగి, మురుగు సేకరణ, శుద్ధి, విసర్జన అనే మూడు ప్రక్రియలూ ఎలాంటి అనుమతీ లేకుండా ఈ ఆవరణలో జరిగిపోతున్నాయని, మన కేంద్రానికి రావలసిన ఇన్‌ఫ్లో అంతా ఇక్కడికి అక్రమంగా మళ్లుతోందని గంభీరంగా చెప్పాడు. ఎండన పడి వచ్చాడు గదా అని అచ్చియ్యమ్మ గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. ఉప్పు సరిపోయిందంటూ ఆయన రెండో గ్లాసు కూడా అడిగి తాగి, మీసం తుడుచుకుని, అక్కడే నిలబడి నోటీసు రాయించాడు. కుర్ర ఇంజనీరు దాన్ని తెచ్చి మాలచ్చి కట్టుగొయ్యకి అంటించాడు. మాలచ్చి అందులో సగం నమిలేసింది. మిగతా సగం లచ్చుంనాయుడు వచ్చి చదివాడు.

"బోని అచ్చియ్యమ్మ అను మీరు, మాలచ్చి అను పేరుగల నల్లరంగు అనధికార మురుగునీటి శుద్ధి కేంద్రమును నివాస ప్రాంతమున ఎట్టి అనుమతులు లేకుండా నడుపుచున్నట్లు మా తనిఖీలో తేలినది. సదరు కేంద్రము నుండి వెలువడు ద్రవము ప్రమాణములకు లోబడి ఉన్నదో లేదో నిర్ధారించవలసి ఉన్నందున..."

అక్కడికి కాగితం అయిపోయింది. మిగతాది మాలచ్చి కడుపులో ఉంది.

"దాన్ని తోలుకుపోతారేటి నాయుడుబాబూ?" అంది అచ్చియ్యమ్మ. ఆవిడకి ఆ నోటీసులో అర్థమయిందీ, కావలసిందీ అదొక్కటే.

"అబ్బే, అంతదాకా ఎందుకొత్తాదప్పా? ఏదో పరీచ్చ సేత్తారంట. పాసయితే అయిపోయె" అన్నాడు నాయుడు. ఆయన గొంతులో ధైర్యం ఆయనకే వినపడలేదు.

పరీక్ష కోసం చెంబుడు పాలు పట్టుకెళ్లారు. పాలు తెలిసిన మనిషి ఒక్కడయినా ఆ లేబొరేటరీలో ఉండి ఉంటాడు, పొద్దున్నే కాఫీ తాగి ఉంటాడు. కానీ సీసా మీద అంటించిన చీటీలో శుద్ధి చేసిన మురుగునీరు అని ఉంది. చీటీలో ఏముంటే అదే ఆఫీసులో నిజం. రిపోర్టు వచ్చింది. రంగు ఉండకూడదు, తెల్లగా ఉంది. అవతలి వస్తువు కనబడాలి, వేలు కూడా కనబడలేదు. జిడ్డు పదార్థాలు పరిమితికి ఎన్నో రెట్లు ఉన్నాయి, పైగా మీగడ కట్టింది. ఇంత అధ్వాన్నమైన నమూనా తమ సర్వీసులో చూడలేదని రాసి కింద ముగ్గురు సంతకాలు చేశారు.

పుండరీకాక్షరావు అచ్చియ్యమ్మని ఆఫీసుకి పిలిపించి దయగానే మాట్లాడాడు. కంగారు పడొద్దన్నాడు, దీనికి తేలికైన సాంకేతిక పరిష్కారం ఉందన్నాడు. ద్రవం రంగు పూర్తిగా పోయి అవతలి వస్తువు స్పష్టంగా కనబడేవరకూ నీళ్లు కలుపుతూ పోవాలి, అంతే.

అచ్చియ్యమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. పాల విషయంలో ఆవిడకి ఊళ్లో ఉన్న పేరు ఆ ఆఫీసు మొత్తానికి లేదు. టీకొట్టువాడు మిగతావాళ్ల పాలని వేలు ముంచి చూసుకుంటాడు, ఆవిడ పాలని కళ్లు మూసుకుని పోయించుకుంటాడు.

"నా బతుకులో పాలల్లో సుక్క నీల్లు కలిపి ఎరగను బాబూ" అంది. "కలిపినోల్లని మీరు పట్టుకెల్లాల గానీ, నన్నే కలపమంటారేటి?"

సదరు మహిళ కాలుష్య నియంత్రణకు సహకరించ నిరాకరించినది అని రాసుకున్నారు.

ఇంతలో పుండరీకాక్షరావు నెత్తిన పిడుగు పడింది. రాజధాని నుంచి డైరెక్టరుగారు గెడ్డవలస కేంద్రం చూడటానికి వస్తున్నారు. ట్యాంకుల్లో తూనీగలు కూడా వాలడం లేదు. తల పట్టుకు కూర్చున్నవాడికి ఉన్నట్టుండి బుర్ర వెలిగింది. ఊళ్లో ఒక అధికార కేంద్రం ఉంది, పని చెయ్యడం లేదు. ఒక అనధికార కేంద్రం ఉంది, బ్రహ్మాండంగా పని చేస్తోంది. రెండోదాన్ని తీసుకొచ్చి మొదటిదాంట్లో పెట్టేస్తే? మర్నాడు పొద్దున్నే స్వాధీనపు ఉత్తర్వుతో మనుషుల్ని పంపాడు.

వాళ్లు పలుపు విప్పి లాగారు. మాలచ్చి నాలుగు కాళ్లూ నిగడదన్ని నిలబడింది. ఒకడు వెళ్లి కర్ర విరుచుకొచ్చాడు. చూడిగేదె మీద కర్ర లేచేసరికి అచ్చియ్యమ్మ అడ్డం పడి, పలుపు తన చేతిలోకి తీసుకుంది. తను నడిస్తే అది నడుస్తుంది, దెబ్బలయినా తప్పుతాయి. సొంత గేదెని తనే తోలుకెళ్లి వాళ్ల చేతుల్లో పెట్టవలసి వచ్చినందుకు దారిపొడుగునా ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. వీధివాళ్లు తలుపుల వెనక నిలబడి చూశారు. నాయుడు గుమ్మంలోకి కూడా రాలేదు.

మాలచ్చిని రెండో ట్యాంకులోకి దించారు. దించడానికి మట్టి పోసి వాలు కట్టారు. ట్యాంకు గోడ మీద జీవ ప్రక్రియా విభాగం అని అందంగా రాయించారు. మాలచ్చి డొక్క మీద పసుపు రంగుతో నంబరు వేశారు. దిగువవీధి వాళ్లందరూ ఇకనుంచి కుడితిని కేంద్రానికే తెచ్చి పొయ్యాలని దండోరా వేశారు.

డైరెక్టరుగారు వచ్చారు, కమ్మీ పట్టుకుని చూశారు. మొదటి ట్యాంకులో కుడితి పోశారు, అది కాలవ వెంట రెండో ట్యాంకులోకి పారింది, మాలచ్చి తాగింది. బయటికి పోయే మురుగు ఎంత అని అడిగారాయన. శూన్యం అన్నాడు పుండరీకాక్షరావు. కరెంటు ఖర్చు? అదీ శూన్యమే. మరి అడుగున మిగిలే బురద సంగతేమిటి? పుండరీకాక్షరావు గర్వంగా ప్రహరీగోడ చూపించాడు. దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పిడకలు ఆరుతున్నాయి. డైరెక్టరుగారి కళ్లు చెమర్చాయి. ప్రపంచమంతా వెతుకుతున్న సాంకేతికత గెడ్డవలసలో దొరికిందని ఆయన ఉపన్యాసం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే మాలచ్చి గోడలు అదిరేటట్టు అరిచింది.

"ఏమిటా శబ్దం?"

"అలారం సార్. ఇన్‌ఫ్లో తగ్గింది."

బాగుంది, బాగుంది అన్నారు డైరెక్టరుగారు. ఆ కేంద్రాన్ని ఆదర్శ కేంద్రంగా అక్కడికక్కడే ప్రకటించి, ఫోటో దిగి, భోజనానికి వెళ్లిపోయారు.

దొరలు వెళ్లారు గదా, పని అయింది గదా అని అచ్చియ్యమ్మ పలుపు పట్టుకుని వెళ్లింది. గేటు దగ్గర ఆపేశారు. పుండరీకాక్షరావు బయటికి వచ్చి, మాలచ్చి ఇప్పుడు కేంద్రంలో అంతర్భాగమనీ, ఆస్తుల రిజిస్టరులో స్థిరాస్తిగా నమోదైపోయిందనీ వివరించాడు.

"స్తిరాస్తి అంటే?" అంది అచ్చియ్యమ్మ.

"కదలనిది అమ్మా. భూమి, భవనం, అలాంటివి."

"నాలుగు కాల్లున్నాయి గదా బాబూ దానికి."

రిజిస్టరులో కాళ్ల గురించి అడగలేదని ఆయన చెప్పాడు.

ఆ సాయంత్రం ఆపరేటరు పాలు తియ్యడానికి కూర్చున్నాడు, బకెట్టుతో సహా మూడో ట్యాంకు దగ్గర లేచాడు. మర్నాడు అచ్చియ్యమ్మకి కబురొచ్చింది. పూటకొకసారి వచ్చి జీవ ప్రక్రియా విభాగాన్ని ఖాళీ చేసి వెళ్లడానికి అనుమతి ఇచ్చారు. భద్రతా నిబంధనల ప్రకారం నెత్తిన హెల్మెట్టు, కాళ్లకి రబ్బరు బూట్లు వేసుకోవాలి. తల మీద ఆ పచ్చ డొప్ప చూసి మాలచ్చి బెదిరి వెనక్కి పోయింది. గొంతు విన్నాక గానీ పోల్చుకోలేదు. పోల్చుకున్నాక మోర ఎత్తి ఆవిడ భుజం మీద ఆనించింది. అచ్చియ్యమ్మ బూట్లతోనే గొంతుక్కూర్చుని, వీధి కబుర్లు చెబుతూ, ఏడుస్తూ పితికింది.

నిండిన బకెట్టు ఆపరేటరు పుచ్చుకున్నాడు. పుండరీకాక్షరావు చెప్పినట్టే దాన్ని తొట్టిలో వంచి, అడుగున వేసిన నాణెం కనబడేదాకా నీళ్లు కలిపాడు. తరవాత కవాటం తెరిచాడు. శుద్ధి అయిన ద్రవాన్ని సహజ ప్రవాహంలోకి వదలాలని నిబంధన. పాలు గెడ్డలోకి పోయాయి. అచ్చియ్యమ్మ ఒడ్డున నిలబడి చూసింది. అవతలి ఒడ్డున వీధికుక్కలు వరసగా నిలబడి నీళ్లు తాగుతున్నాయి. ఊరికి ఆ కేంద్రం వల్ల బాగుపడినవి అవే.

ఇక వీధిలో గొడవ మొదలైంది. కుడితి పోస్తే ఇదివరకు మజ్జిగ వచ్చేది, ఇప్పుడు రసీదు వస్తోంది. రసీదు అన్నంలో కలుపుకోవడం కుదరదు. పొరుగింటి పారమ్మ మనవరాలికి మజ్జిగ లేకపోతే ముద్ద దిగదు, ఆ పిల్ల రోజూ సాయంత్రం చెంబు పట్టుకుని వచ్చి ఖాళీ సాలలోకి తొంగి చూసి వెళ్లిపోయేది. అది చూడలేక అచ్చియ్యమ్మ సిగ్గు విడిచి పుండరీకాక్షరావుని బతిమాలింది. గెడ్డలో పొయ్యడానికి ముందు ఒక్క చెంబుడు ఇస్తే చాలు, తనకి వద్దు, వీధిలో పిల్లలకే పోస్తానంది.

పుండరీకాక్షరావు నొచ్చుకున్నాడు. "మురుగునీటి నుంచి తయారైన ద్రవాన్ని పసిపిల్లల చేత తాగిస్తారా? ప్రజారోగ్యం అంటే మీకు ఆటగా ఉందా?" అన్నాడు. అన్నవాడు అంతకుముందు ఆవిడ చేతి మజ్జిగ రెండు గ్లాసులు తాగినవాడే. గేటు దగ్గర హెచ్చరిక బోర్డు కూడా పెట్టించాడు. ఇక్కడి ద్రవము తాగుటకు పనికిరాదు అని దాని మీద పుర్రె బొమ్మ వేయించాడు.

నెలలు గడిచాయి. ఆదర్శ కేంద్రాన్ని చూడటానికి ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో బస్సుల్లో వచ్చారు, నోట్సు రాసుకున్నారు. ఉన్నట్టుండి మాలచ్చి పాలు తగ్గించింది. తగ్గించి తగ్గించి ఒకనాడు పూర్తిగా వట్టిపోయింది. అవుట్‌పుట్ సున్నా అని ఆపరేటరు ఫోను చేశాడు. నిపుణుల సంఘం దిగింది. వాళ్లు మాలచ్చి చుట్టూ టేపు పట్టి కొలిచి, విభాగం మధ్యభాగంలో అసాధారణమైన ఉబ్బు ఉందనీ, లోపల ఏదో అడ్డుపడి ఉండవచ్చనీ అభిప్రాయపడ్డారు.

"సూడిగేదె బాబూ" అంది అచ్చియ్యమ్మ. "ఈనేదాకా పాలుండవు."

ఊళ్లో పాకే పిల్లాడికి కూడా తెలిసిన ముక్క అది. పుండరీకాక్షరావు విన్నాడు కూడా. కానీ ఆదర్శ కేంద్రానికి కడుపొచ్చిందని డైరెక్టరుగారికి ఏ మొహం పెట్టుకుని రాస్తాడు? ఒప్పందం కాగితాలు తిరగేస్తే దారి దొరికింది. గ్యారంటీ కాలంలో యంత్రం ఏదైనా చెడిపోతే, సరఫరా చేసినవాళ్లే తమ సొంత షెడ్డుకి తీసుకుపోయి, బాగుచేసి తిరిగి అప్పగించాలి. సరఫరా చేసింది ఎవరు? బోని అచ్చియ్యమ్మ. లోపభూయిష్టమైన పరికరాన్ని అంటగట్టినందుకు ఆవిడకి నాలుగు చివాట్లు రాసి, తక్షణం దానిని తరలించి మరమ్మతు చేయవలసినదిగా ఆదేశించాడు.

నాయుడు ఆ ఉత్తర్వు చదువుతుంటే అచ్చియ్యమ్మ చివరిదాకా వినలేదు. తోలుకుపొమ్మన్నారన్న ముక్క చెవిన పడగానే పలుపు పట్టుకుని పరిగెత్తింది. వాళ్లు మనసు మార్చుకునేలోగా మాలచ్చిని ట్యాంకులోంచి ఎక్కించి, ఇల్లు చేర్చి, డొక్క మీద నంబరు పోయేదాకా కొబ్బరిపీచుతో రుద్ది కడిగింది. సాయంత్రానికి వీధంతా బకెట్లతో వచ్చి గోలెం నింపింది. ఎవరూ రసీదు అడగలేదు.

మాలచ్చి ఈనింది. నుదుట తెల్ల చుక్కతో పెయ్యదూడ పుట్టింది. పుట్టిన కాసేపటికే తడబడుతూ లేచి పొదుగు వెతుక్కుంది. ఈసారి బతికింది. దూడ తాగగా మిగిలిన ముర్రుపాలతో అచ్చియ్యమ్మ బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి వీధంతా పంచింది. పారమ్మ మనవరాలు గిన్నె నాకి, మళ్లీ వచ్చి నిలబడింది.

జున్ను వాసన పట్నం దాకా పోయినట్టుంది. మరమ్మతు పూర్తయిందని తెలిసి పుండరీకాక్షరావు జీపులో దిగాడు. ఆయనకీ ఆకులో పెట్టి ఇచ్చింది అచ్చియ్యమ్మ. తింటూ తింటూ సాలలోకి చూసి ఆగిపోయాడు.

"ఇదేమిటి?"

"దూడ బాబూ."

"మేం మంజూరు చేసింది ఒక్క యూనిట్. అనుమతి లేకుండా సామర్థ్యం ఎలా పెంచారు?"

అచ్చియ్యమ్మ మాలచ్చిని అడగమంది. ఆయన, పెద్ద యూనిట్ ఒక్కటీ వెనక్కి ఇచ్చేస్తే చాలు, చిన్నది అనధికారం గనక ఇక్కడే ఉంచెయ్యమన్నాడు. మనుషులు పలుపు మీద చెయ్యి వేశారు. దూడ తల్లి కాళ్ల కిందికి దూరింది.

అచ్చియ్యమ్మ ఏడవలేదు. ఏడుపు ఆ గెడ్డ ఒడ్డునే అయిపోయింది. దూడ మెడ మీద చెయ్యి వేసి నిలబడింది.

"దూడ నేకుండా అది సేపదు బాబూ. సుక్క రాదు. తోలుకెల్లి మీ టేంకులో కట్టుకోండి, మీ దొరలొచ్చినప్పుడు సున్నా సూపించండి."

"ఇదివరకు దూడ లేకుండానే ఇచ్చిందిగా?"

"అప్పుడు సచ్చిపోనాది. ఇప్పుడు బతికున్నాది. దానికి తెలీదేటి?"

పుండరీకాక్షరావు ఆకు కింద పెట్టేశాడు. దూడ లేకుండా తీసుకెళితే అవుట్‌పుట్ రాదు. దూడతో తీసుకెళితే ఎస్టిమేట్‌లో లేని జంతువు ప్రభుత్వ ఆవరణలో ఏం చేస్తోందని ఆడిట్‌వాళ్లు ప్రాణం తీస్తారు. సవరించిన ఎస్టిమేట్ మంజూరయ్యేదాకా ఈ యూనిట్ బాగవ్వనట్టే లెక్క అని నిర్ణయించి, బూట్లకంటిన పేడ గుమ్మంలో రాసి, జీపెక్కాడు.

సవరించిన ఎస్టిమేట్ పైకి వెళ్లింది. పైనుంచి ప్రశ్న వచ్చింది. చిన్న యూనిట్ తాగేసే ద్రవాన్ని లీకేజీగా పరిగణించాలా, నిర్వహణ నష్టంగా పరిగణించాలా? జవాబు వెళ్లింది. దాని మీద ఒక ఉపసంఘం పడింది. ఆ ఉపసంఘం తేల్చేలోగా దూడ పెరిగి పడ్డ అయింది, మాలచ్చి మళ్లీ చూడి కట్టింది, ఎస్టిమేట్ మళ్లీ మొదటికొచ్చింది.

ఆదర్శ కేంద్రం కట్టించినందుకు పుండరీకాక్షరావుకి పెద్ద ఉద్యోగం ఇచ్చి రాజధానికి తీసుకుపోయారు. ఆయన చలవ వల్ల జిల్లాలో ఊరూరా అలాంటి కేంద్రాలే లేచాయి. అన్నిచోట్లా నాలుగేసి ట్యాంకులున్నాయి, రెండోదాని మీద జీవ ప్రక్రియా విభాగం అని రాసి ఉంది. గేదె ఎస్టిమేట్‌లో లేదు గనక ఎక్కడా గేదె లేదు. గెడ్డవలస ట్యాంకుల్లో వానాకాలం కప్పలు గుడ్లు పెడుతున్నాయి. బడికెళ్లే పిల్లలు ఇప్పటికీ భుజాలెక్కే గెడ్డ దాటుతున్నారు.

ఏటా ఒక కొత్త ఇంజనీరు వస్తాడు. పాత ఫైలు దులిపి, గెడ్డవలస యూనిట్ మరమ్మతు ఎంతవరకు వచ్చిందో వెంటనే తెలియజేయమని తాఖీదు పంపుతాడు. లచ్చుంనాయుడు దాన్ని పట్టుకుని దిగువవీధికి వస్తాడు. అచ్చియ్యమ్మ పొదుగు కింద కూర్చుని ఉంటుంది. ఒకపక్క దూడ, ఇంకోపక్క చెంబులతో వీధి పిల్లలు. ఏం రాయమంటావప్పా అని ఆయన అడుగుతాడు.

ఆవిడ పితకడం ఆపదు, తల కూడా తిప్పదు.

"ఇంకా పాలిత్తంది నాయుడుబాబూ. బాగవ్వనేదని రాసీండి."